గాల్లో మూడున్నర చుట్లు: మిదోరి ఇతో విజయం వెనుక విజ్ఞానం

1989 మార్చి, పారిస్ నగరం. ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో మహిళల ఆఖరి అంకం నడుస్తోంది. పంతొమ్మిదేళ్ల జపాన్ అమ్మాయి మిదోరి ఇతో మంచు మీద వేగం పుంజుకుని, ముఖం ముందుకే పెట్టి, ఒంటికాలి మీద నుంచి పైకి లేచింది. గాల్లో మూడున్నర చుట్లు తిరిగింది. రెండో కాలి మీద వెనక్కి జారుతూ తొణక్కుండా దిగింది. చూసేవాళ్లకు అదంతా రెప్పపాటు వ్యవహారం. అంతకుముందు ప్రపంచ పోటీల్లో ఏ మహిళా ఆ పని చేసి చూపించలేదు. సాంకేతిక ప్రతిభకు ఐదుగురు జడ్జీలు ఆమెకు 6.0 వేశారు. అప్పటి పద్ధతిలో అంతకు మించిన మార్కు లేదు. ఫిగర్ స్కేటింగ్‌లో ఆసియా ఖండం నుంచి ప్రపంచ విజేతగా నిలిచిన తొలి క్రీడాకారిణి ఆమే.

ఆ జంప్ పేరు ట్రిపుల్ ఆక్సెల్. పురుషుల్లో దాన్ని తొలిసారి పోటీలో చేసి చూపించినవాడు కెనడాకు చెందిన వెర్న్ టేలర్. అది 1978లో, ఒటావాలో. ఆ తర్వాత పదేళ్లు గడిచినా మహిళల్లో ఒక్కరు కూడా దాన్ని పోటీలో సాధించలేకపోయారు. 1988లో సొంత దేశంలో జరిగిన పోటీలో ఇతో ఆ గోడను బద్దలు కొట్టింది. ఆ పదేళ్లలో భౌతికశాస్త్ర సూత్రాలేమీ మారలేదు, భూమి ఆకర్షణ తగ్గలేదు. "ఇది ఆడవాళ్ల వల్ల కాదు" అన్న మాటను లెక్కతో సరిచూస్తే ఏం తేలుతుందో చెప్పడానికి ఆమె క్రీడా జీవితాన్ని మించిన పాఠం లేదు.

నగోయాలో మొదలు

మిదోరి 1969 ఆగస్టు 13న జపాన్‌లోని నగోయాలో పుట్టింది. బడి ఈడు రాకముందే రింకులో అడుగుపెట్టింది. అక్కడే మచికో యమద అనే శిక్షకురాలి కంట పడింది. తల్లిదండ్రులు విడిపోయాక, పదేళ్ల వయసు నుంచి మిదోరి తన గురువుగారి ఇంట్లోనే పెరిగింది. మన సంగీత నాట్య సంప్రదాయాల్లో గురుకుల వాసం అంటామే, అచ్చం అదే. తిండి, చదువు, సాధన అన్నీ ఒకే కప్పు కింద.

జపాన్‌కు ఫిగర్ స్కేటింగ్ అప్పటికి కొత్తేమీ కాదు. 1936 శీతాకాల ఒలింపిక్స్‌లోనే ఆ దేశం తరఫున ఎత్సుకో ఇనద అనే పన్నెండేళ్ల పాప పోటీపడి పదో స్థానంలో నిలిచింది. 1977లో మినోరు సనో, 1979లో ఎమి వతనబె ప్రపంచ పోటీల్లో కాంస్య పతకాలు తెచ్చారు. అయినా బంగారు పతకం మాత్రం యూరప్, ఉత్తర అమెరికా క్రీడాకారుల మధ్యే చేతులు మారుతూ వచ్చింది. ఆ గట్టు దాటించింది మిదోరి.

ముందుకు చూస్తూ ఎగరడంలోని కష్టం

ఫిగర్ స్కేటింగ్‌లో ప్రధానమైన జంప్‌లు ఆరు: టో లూప్, సాల్కో, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్. మొదటి ఐదింటిలో ఆటగాళ్లు వెనక్కి జారుతూ పైకి లేస్తారు, వెనక్కి జారుతూనే దిగుతారు. ఆక్సెల్ ఒక్కటే ముందుకు జారుతూ మొదలయ్యేది. దిగడం మాత్రం మిగతా వాటిలాగే వెనక్కి. ముందుకు లేచి వెనక్కి దిగాలి కాబట్టి అదనంగా అర చుట్టు తిరగక తప్పదు. అందుకే సింగిల్ ఆక్సెల్ అంటే ఒకటిన్నర చుట్లు, డబుల్ అంటే రెండున్నర, ట్రిపుల్ అంటే మూడున్నర చుట్లు. డిగ్రీల్లో చెప్పాలంటే 1,260.

ఈ జంప్‌కు ఆ పేరు నార్వేకు చెందిన ఆక్సెల్ పాల్సెన్ వల్ల వచ్చింది. ఆయన 1882లో వియన్నాలో దీన్ని తొలిసారి ప్రదర్శించాడు. 1948లో అమెరికా ఆటగాడు డిక్ బటన్ దాన్ని డబుల్ ఆక్సెల్ చేశాడు. ఒక్కో చుట్టు పెంచడానికి దశాబ్దాలు పట్టిందంటే కారణం ధైర్యం చాలకపోవడం ఒక్కటే కాదు, గాల్లో దొరికే సమయం చాలా తక్కువ కావడం.

సెకనులో మూడింట రెండు వంతులు

నేల విడిచిన మనిషి ఎంతసేపు గాల్లో ఉంటాడన్నది ఒకే ఒక్క సంగతి మీద ఆధారపడుతుంది. అతని గరిమనాభి ఎంత ఎత్తు లేచిందన్నదే ఆ సంగతి. బరువుతో పని లేదు, ఆడా మగా తేడా లేదు, ముందుకు ఎంత వేగంగా వెళ్తున్నారన్నదీ లెక్కలోకి రాదు. పదో తరగతి సూత్రాలతోనే దీన్ని కట్టవచ్చు. గరిమనాభి 40 సెంటీమీటర్లు లేస్తే గాల్లో ఉండే సమయం 0.57 సెకను. 50 సెంటీమీటర్లకు 0.64 సెకను. 60 సెంటీమీటర్లకు 0.70 సెకను.

ఈ అంకెలను కాస్త నిదానంగా చూడండి. 40 నుంచి 60 సెంటీమీటర్లకు పెంచడమంటే ఒకటిన్నర రెట్లు ఎత్తు ఎగరడం. కాలి కండరాలు ఆ మేరకు ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. తీరా లాభించిన సమయం మాత్రం 0.13 సెకను. ఎత్తుకు వర్గమూలం చొప్పునే సమయం పెరుగుతుంది కాబట్టి పై అంచెల్లో ప్రతి చిన్న లాభానికీ పెద్ద మూల్యం చెల్లించాలి.

ఇక చుట్ల సంగతి. బ్లేడు మంచును వదిలే ముందే శరీరం కొంత తిరిగిపోతుంది. ఆ మేరకు తీసేసినా గాల్లో దాదాపు మూడు చుట్లు మిగులుతాయి. 0.6 సెకనులో మూడు చుట్లంటే సెకనుకు ఐదు, నిమిషానికి 300. పైగా ఎగిరిన మరుక్షణం కాళ్లూ చేతులూ ముడవడానికి, దిగబోయే ముందు విప్పడానికి సమయం పోతుంది. మధ్యలో వేగం సగటును మించి ఉంటే తప్ప లెక్క సరిపోదు.

చేతులు ముడిస్తే వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

మంచును వదిలాక ఆటగత్తెను తిప్పే బాహ్యబలం ఏదీ ఉండదు. గాలి నిరోధం లెక్కలోకి రానంత స్వల్పం. గురుత్వాకర్షణ గరిమనాభి ద్వారానే లాగుతుంది కాబట్టి కిందికి దించగలదు గానీ తిప్పలేదు. నేల మీద ఉండగా ఎంత కోణీయ ద్రవ్యవేగం కూడగట్టుకుందో, గాల్లో చివరిదాకా అదే ఆస్తి. పెరగదు, తరగదు. భౌతికశాస్త్రంలో దీన్నే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అంటారు.

కోణీయ ద్రవ్యవేగం అంటే జడత్వ భ్రామకం, తిరిగే వేగం రెండింటి గుణకారం. శరీర భాగాలు అక్షానికి ఎంత దూరంగా ఉంటే జడత్వ భ్రామకం అంత ఎక్కువ. చేతులు గుండెలకు హత్తుకుని, కాళ్లు ఒకదానికొకటి పెనవేస్తే అది తగ్గుతుంది. గుణకారం మారకూడదు కాబట్టి తిరిగే వేగం ఆ మేరకు పెరగాలి. ఇంట్లో తిరిగే కుర్చీ ఉంటే ఎవరైనా పరీక్షించి చూడొచ్చు. రెండు చేతుల్లో చెరో కిలో బరువు పట్టుకుని, చేతులు బార చాపి, ఎవరితోనైనా మెల్లగా తిప్పించుకోండి. చేతులు ఛాతీకి దగ్గరగా లాక్కోగానే కుర్చీ ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. చాపితే మళ్లీ నెమ్మదిస్తుంది.

చూడటానికి ఇది సులువుగా కనిపిస్తుంది కానీ చేతులు ముడిచి ఉంచడానికి చాలా బలం కావాలి. సెకనుకు ఐదు చుట్లు తిరిగే శరీరంలో, అక్షానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అరచేతిని లోపలికి లాగి పట్టడానికి కావలసిన త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 15 రెట్లు. పావుకిలో అరచేయి ఆ క్షణంలో దాదాపు నాలుగు కిలోల బరువులా బయటికి గుంజుతున్నట్టు అనిపిస్తుంది. ముంజేయి, మోచేయి కూడా అదే తీరు. భుజాలు, ఛాతీ, నడుము కండరాలు బిగుసుకుని ఆ గుంజుడును ఆపాలి. ఏ మాత్రం సడలినా మోచేతులు విడిపోతాయి, వేగం పడిపోతుంది, మూడున్నర కావలసింది మూడుంపావు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మంచు తగిలేసరికి బ్లేడు అడ్డంగా ఉంటుంది. పడిపోవడం ఖాయం.

పొట్టిగా ఉండటమే బలం

మిదోరి ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు. సన్నగా పొడుగ్గా, నాట్యగత్తెలా ఉండాలన్న ఆనాటి అభిరుచికి ఆమె దేహం సరిపోయేది కాదు. కానీ శాస్త్రం కళ్లతో చూస్తే కథ వేరు.

దేహ నిష్పత్తులు ఒకేలా ఉన్న ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు 160 సెంటీమీటర్లు, మరొకరు 145. పొడవు పది శాతం దాకా తగ్గితే బరువు పొడవు ఘనానికి అనుగుణంగా, అంటే దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. జడత్వ భ్రామకంలో బరువుతో పాటు దూరం వర్గం కూడా లెక్కకొస్తుంది కాబట్టి అది పొడవు ఐదో ఘాతానికి అనుగుణంగా తగ్గుతుంది. లెక్క కడితే పొట్టి మనిషి జడత్వ భ్రామకం పొడుగు మనిషిలో సుమారు 61 శాతమే. తిరగడం అంత తేలిక. దీనికి తోడు మిదోరి తొడల్లో, పిక్కల్లో అపారమైన బలం ఉండేది. తేలిగ్గా తిరిగే దేహం, ఎత్తుకు లేపే కాళ్లు ఒకే మనిషిలో కలిశాయి. ఆమె జంప్‌లు ఎత్తులోనూ, మంచు మీద దాటే దూరంలోనూ మగవాళ్లకు దీటుగా ఉంటాయని చూసినవాళ్లంతా చెప్పుకునేవారు.

దీన్ని ఆమెకు దేవుడిచ్చిన వరంగా మాత్రమే చూస్తే సాధనకు అన్యాయం చేసినట్టే. పొట్టి ఆటగత్తెలు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. ముందుకు జారే వేగాన్ని ఎగిరే కాలి ద్వారా పైకి మళ్లించడం, రెండో కాలినీ చేతులనూ సరైన క్షణంలో పైకి విసరడం, ఎగిరేటప్పుడే తగినంత భ్రమణం కూడగట్టుకోవడం, ఇవన్నీ సెకనులో పదో వంతుల్లో జరిగిపోతాయి. ఆలోచించి చేసే వ్యవధి ఉండదు. వేలసార్లు పడి లేచిన నాడీ మండలం మాత్రమే ఆ పని చేయగలదు.

దిగడం అన్నిటికన్నా గట్టి పరీక్ష

అర మీటరు ఎత్తు నుంచి దిగే శరీరం మంచును గంటకు 11 కిలోమీటర్ల నిలువు వేగంతో తాకుతుంది. సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండే బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆటగత్తె రెండు అంచుల మీద దిగకూడదు. ఒకే కాలి వెలుపలి అంచు మీద, వెనక్కి జారుతూ దిగాలి. ఆ ఒక్క కాలి మీద పడే బలం శరీర బరువుకు చాలా రెట్లు ఉంటుంది. చీలమండ, మోకాలు, తుంటి వంగి ఆ దెబ్బను మింగాలి. అదే క్షణంలో చేతులు, రెండో కాలు బారగా విప్పి తిరిగే వేగాన్ని తుంచాలి.

ఈ విద్యకు మంచు కూడా సహకరించాలి. ఫిగర్ స్కేటింగ్ రింకుల్లో మంచును సాధారణంగా మైనస్ 3 నుంచి మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. మనిషి బరువుకు అడుగున మంచు కరగడం వల్లనే జారుతుందని చాలాకాలం పాఠాల్లో చెప్పేవారు. ఆ ఒత్తిడి వల్ల ద్రవీభవన స్థానం తగ్గేది చాలా కొంచెమే కనుక ఆ వివరణ ఒక్కటే సరిపోదని తర్వాత తేలింది. మంచు ఉపరితలంలోని అణువులు లోపలి అణువుల్లా గట్టిగా పట్టుకుని ఉండవు. అక్కడ సహజంగానే ద్రవాన్ని పోలిన పలుచని పొర ఉంటుంది. బ్లేడు ఘర్షణ వల్ల పుట్టే వేడి దానికి తోడవుతుంది. మైకేల్ ఫారడే 19వ శతాబ్దంలోనే ఈ పొర గురించి ఊహించాడు.

గీతల పరీక్షలో వెనకబాటు

ఇంత నైపుణ్యం ఉన్నా మిదోరికి పతకాలు తేలిగ్గా రాలేదు. అప్పట్లో పోటీల్లో ముందుగా 'కంపల్సరీ ఫిగర్స్' అనే విభాగం ఉండేది. ఒంటికాలి మీద మంచుపై వృత్తాలు, ఎనిమిది అంకె ఆకారాలు గీస్తూ పోవాలి. అదే గీత మీద మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆటగత్తె పక్కకు తప్పుకున్నాక జడ్జీలు మంచు మీద వంగి ఆ గీతలను పరిశీలించి మార్కులు వేసేవారు. సంగీతం ఉండదు, జంప్ ఉండదు. ఆ ఓర్పు పరీక్షలో మిదోరి ఎప్పుడూ వెనకబడేది.

1988 క్యాల్గరీ ఒలింపిక్స్‌లో అప్పటి నియమం ప్రకారం ఈ గీతలకే 30 శాతం విలువ. మిదోరి అందులో పదో స్థానంలో నిలిచింది. ఫ్రీ స్కేటింగ్‌లో ఏకంగా ఏడు ట్రిపుల్ జంప్‌లు చేసి ప్రేక్షకులను లేచి నిలబడేలా చేసినా, అంతిమంగా దక్కింది ఐదో స్థానమే. 1990లో హాలిఫాక్స్ ప్రపంచ పోటీల్లోనూ ఇదే జరిగింది. మిగతా రెండు విభాగాల్లో ఆమెదే మొదటి స్థానం, గీతల్లో పదోది. మొత్తం కలిపితే రజతం. ఆ పోటీలతోనే గీతల విభాగానికి కాలం చెల్లింది. నిబంధన మరో ఏడాది ముందే మారి ఉంటే ఆమె ఖాతాలో రెండో ప్రపంచ కిరీటం చేరేది.

పడి లేచిన ఫిబ్రవరి

1991 మ్యూనిక్ ప్రపంచ పోటీలు ఆమెకు చేదు అనుభవం మిగిల్చాయి. సన్నాహాల సమయంలో మరో క్రీడాకారిణి ఆమెను ఢీకొంది. ఆ తర్వాత పోటీలో జంప్ చేస్తూ అంచుకు మరీ దగ్గరగా వెళ్లి, కెమెరా కోసం గోడలో వదిలిన ఖాళీ గుండా రింకు బయట పడింది. క్షణంలో లేచి మంచు మీదికి వచ్చి ప్రదర్శన కొనసాగించింది. చివరికి నాలుగో స్థానం.

1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్ నాటికి దేశమంతా ఆమె నుంచి బంగారం ఆశించింది. తొలి విభాగంలో జాగ్రత్త కోసం ట్రిపుల్ ఆక్సెల్ బదులు ట్రిపుల్ లట్జ్ ఎంచుకుంది. దానిలోనే పడిపోయింది. నాలుగో స్థానానికి జారింది. ఫ్రీ స్కేటింగ్‌లో ట్రిపుల్ ఆక్సెల్‌కు ప్రయత్నించి మళ్లీ పడింది. అక్కడితో ఊరుకుని, మిగతా ప్రదర్శన భద్రంగా ముగించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నాలుగు నిమిషాల ప్రదర్శన చివరి దశలో ఆమె మరోసారి ముందుకు తిరిగి ఆక్సెల్‌కు లేచింది.

ఆ నిర్ణయం ఎంత సాహసమో అర్థం కావాలంటే పైన కట్టిన లెక్కను గుర్తు చేసుకోవాలి. ప్రదర్శన చివరికొచ్చేసరికి గుండె గరిష్ఠ వేగానికి దగ్గరగా కొట్టుకుంటుంది, తొడ కండరాలు అలసిపోతాయి. ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లు తగ్గినా చుట్లు పూర్తి చేయడానికి సమయం చాలదు. అలసిన కాళ్లతోనే ఆమె లేచింది, మూడున్నర చుట్లు తిరిగింది, నిలదొక్కుకుని దిగింది. ఒలింపిక్స్‌లో ఒక మహిళ చేసిన తొలి ట్రిపుల్ ఆక్సెల్ అదే. జపాన్‌కు ఫిగర్ స్కేటింగ్‌లో తొలి ఒలింపిక్ పతకం, రజతం, ఆ రోజే వచ్చింది. అంత సాధించీ, స్వర్ణం తేలేకపోయినందుకు ఆమె దేశ ప్రజలకు క్షమాపణ చెప్పింది. ఆమె భుజాల మీద ఎంత బరువు పెట్టారో ఆ ఒక్క మాటే చెబుతుంది.

ఆ తర్వాత పోటీలకు దూరమై, 1996లో ఒకసారి తిరిగొచ్చి తొమ్మిదోసారి జాతీయ విజేత అయింది. 1998 నగానో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగించే గౌరవం ఆమెకే దక్కింది. నడివయసులో వయోజనుల పోటీల్లో కూడా పాల్గొంది.

నగోయా వారసత్వం

మిదోరి తర్వాత 1991లో అమెరికాకు చెందిన టోన్యా హార్డింగ్ ఆ జంప్ సాధించింది. ఆ పిమ్మట 2002 దాకా మళ్లీ కొత్త పేరు వినబడలేదు. ఆ ఏడాది దాన్ని సాధించినవాళ్లలో ఒకరు యుకారి నకనో. తర్వాత వచ్చిన మావో అసదా 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఏకంగా మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు చేసి రజతం గెలిచింది. మిదోరి, యుకారి, మావో ముగ్గురూ మచికో యమద దగ్గర నేర్చుకున్నవారే. పోటీలో నాలుగు చుట్ల జంప్ చేసిన తొలి మహిళ మికి అందో కూడా నగోయా అమ్మాయే. అది 2002లో.

ఒకే నగరంలో ఇంతమంది పుట్టడం కాకతాళీయం అనుకోలేం. ఒక అమ్మాయి చేసి చూపించాక ఆ రింకులో పెరిగే పిల్లలకు అది అసాధ్యంగా కనిపించడం మానేసింది. దాన్ని ఎలా నేర్పాలో తెలిసిన గురువు అక్కడే ఉంది. 2006లో షిజుకా అరకవా జపాన్‌కు, ఆసియాకు ఫిగర్ స్కేటింగ్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చేనాటికి ఆ దేశంలో ఈ ఆట వేళ్లూనుకుంది.

మన రాష్ట్రాల్లో మంచు రింకులు అరుదు. చక్రాల స్కేట్ల మీద మాత్రం ఇవే సూత్రాలతో, ఇవే పేర్లున్న జంప్‌లతో మన పిల్లలు రాణిస్తున్నారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో సింగిల్స్‌లో ఒకటి, పెయిర్స్‌లో ఒకటి కాంస్య పతకాలు సాధించాడు.

భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు ఒక మనవి. కోణీయ ద్రవ్యవేగం పాఠం చెప్పే రోజున మిదోరి ఇతో ఆల్బర్ట్‌విల్ ప్రదర్శనను తరగతిలో చూపించండి. ఎత్తు, సమయం, చుట్ల లెక్కను పిల్లల చేతనే కట్టించండి. ఆ సమీకరణాల్లో ఎత్తుకు, కాలానికి, ద్రవ్యరాశికి చోటుంది గానీ ఆడా మగా అనే తేడాకు చోటు లేదని వాళ్లే కనుక్కుంటారు. "నీ వల్ల కాదు" అన్న మాట ఏ ఆడపిల్లకు ఎదురైనా, ముందు లెక్క చూపించమని అడిగే ధైర్యం ఆ పాఠం నుంచి రావాలి.